మామ స్కూటర్ ఆగిన చోటు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా మామ స్కూటర్ మీదే లేదు, ఇక దయ్యాల సంగతెందుకు.

తొంభైల మొదట్లో నాచారంలో ఉండేవాళ్లం. మామ అంటే మా ఆవిడ తండ్రి. ఆయన పోయాక స్కూటర్ నాకొచ్చింది. బతికుండగా నేనెప్పుడు ఆ బండి తీసుకెళ్లి తెచ్చినా, తిన్నావా అని కాదు, "ట్యాప్ బందు జేసినవా అల్లుడూ?" అని అడిగేవారు. బండి ఆపితే సీటు కింద పెట్రోలు ట్యాప్ కట్టేయాలని ఆయన నియమం. నేనెప్పుడూ కట్టలేదు. ఆయన పోయాక అది తెరిచి ఉన్నది ఉన్నట్టే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆ గొడవ నాకు అనుకూలంగా ముగిసిందనుకున్నాను.

ఓ ఆదివారం పొద్దున ఉప్పల్‌లో షటిల్ ఆడుతుంటే ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. గ్యాసని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు. సోడా తాగి, ఇంటికెళ్లి పడుకుందామని బయల్దేరాను.

కాస్త దూరం పోగానే బండి ఆగింది. ఓ పక్కకు వంచి, నిలబెట్టి, కిక్ కొట్టాను. రెండో కిక్కుకి ఎడమ చెయ్యి లాగేసి, చెమటలు పట్టి, రోడ్డు మీదే కూలబడ్డాను. తలెత్తితే ఎదురుగా దవాఖానా. ఆ దారిలో ఉన్నది అదొక్కటే.

గుండెపోటేనన్నారు. తర్వాత పెద్దాసుపత్రిలో యాంజియోగ్రామ్ తీస్తే రక్తనాళాల్లో ఎక్కడా అడ్డు లేదు. గుండె పైనుంచి పోవలసిన ఒక నాళం మాత్రం కొంతమేర కండరం లోపలి నుంచి పోతోందట. పేరు మయోకార్డియల్ బ్రిడ్జింగ్. పుట్టుకతోనే ఉంటుందట, చాలామందిని ఏమీ చేయదట. నా విషయంలో, గుండె వేగం పెరిగినప్పుడల్లా ఆ కండరం నాళాన్ని నొక్కేస్తోంది. ఇంటికెళ్లి పడుకుని ఉంటే ఏమయ్యేదని అడిగాను. డాక్టర్ మందుల చీటీలో ఇంకో మాత్ర చేర్చారు.

ఆ ఆదివారం సాయంత్రమే బండి తేవడానికి వెళ్లిన బామ్మర్ది వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"బావా, ట్యాప్ బందున్నది. పట్కారు పెడితెగాని తిరగలే. నువ్వు జేసినవా?"

లేదన్నాను.

మా ఆవిడ బత్తాయి ఒలుస్తూ, "ట్యాప్ బందు జేసేటాయన మా ఇంట్ల ఒక్కడే ఉండె," అంది. ముగ్గురం నవ్వాం, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

ట్యాప్ కట్టేసినా, పైపులో మిగిలిన పెట్రోలుతో బండి కొంతదూరం పోతుంది. ఆ రోజు దవాఖానా దాకా పోయింది. ఆట సాగినంతసేపూ బండి మా కళ్ల ముందే ఉంది, దాని దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. ఎవరు కట్టారో ఇప్పటికీ నాకు తెలియదు.

మాత్రలు వేసుకుంటున్నాను, షటిల్ బదులు నడుస్తున్నాను, బాగానే ఉన్నాను. ట్యాప్‌కి గ్రీజు పెట్టించాను. బండి ఆపినప్పుడల్లా కట్టేసి, చుట్టూ ఎవరూ లేకపోతే, "జేసిన మామా," అంటాను. భయమేం కాదు. పెద్దవాళ్లు అడిగినదానికి జవాబు చెప్పడం మర్యాద.