కోటిలో మిగిలిన ఒకటి

1949, జూలై 3, ఆదివారం. పొద్దున్నే ట్రంకుపెట్టె సర్దుతుంటే, అడుగున పరిచిన పాత గుడ్డ కింద మా అవ్వ రామకోటి పుస్తకం దొరికింది... ఇన్నాళ్ళూ నా బట్టల కిందే ఉందన్నమాట! మన హాస్టల్ రాతపత్రికకు ఏదైనా రాస్తానని మాట ఇచ్చాను. ఈ రోజు ఇంకేమీ రాయలేను. ఇదే రాస్తాను.

మా చిన్నప్పుడు... పూతలపట్టులో మా ఇంట్లో నలుగురం. నాయన పటాలంలో చేరి బర్మా వైపు వెళ్ళాక ముగ్గురం. ఉత్తరాలు ఆగిపోయిన నెలలో అవ్వ మొక్కుకుంది... రామనామం కోటిసార్లు రాస్తే కొడుకు తిరిగొస్తాడని.

అవ్వకు చదువు రాదు. ఆ రెండక్షరాలూ పలక మీద నేనే దిద్దించాను. ఇంకోటి నేర్పిస్తానంటే, "పోమే! ఈ రెండిటికే నా నడుము ఇరిగింది. మూడోది గూడా నేర్సుకుంటే నన్నూ పటాలంలోకి పట్టుకపోతారు" అని నవ్వేది.

అప్పుడే బడిలో పెద్ద భాగహారాలు నేర్పారు. ఉత్సాహంగా కోటిని ముగ్గురికీ పంచాను. తలా ముప్పైమూడు లక్షల ముప్పైమూడు వేల మూడు వందల ముప్పైమూడు... శేషం ఒకటి. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే ఒకటి.

"ఆ ఒకటి ఎవురు రాయాలమే?" అంది అవ్వ.

"నలుగురుంటే తలా ఇరవై అయిదు లక్షలవ్వా, ఏమీ మిగల్దు. ముగ్గురమే గదా, అందుకే మిగిలిండాది."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది. "అయితే అది ఆయన్ది. వచ్చి రాసుకుంటాడు. మీరెవురూ ముట్టుకోబాకండి."

ఆ తర్వాత రోజూ రాసేవాళ్ళం. యుద్ధం రోజులు, కాగితం దొరికేది కాదు... సన్నగా గళ్ళు గీసుకుని పేజీకి రెండు వందలు. గళ్ళన్నీ నిండకుండా అవ్వ ఏనాడూ పేజీ తిప్పలేదు.

యుద్ధం అయిపోయింది. నాయన రాలేదు... ఆచూకీ తెలియలేదని ఒక కాగితం వచ్చింది. అవ్వ రాస్తూనే ఉంది. మరుసటి ఏడు అవ్వ కూడా పోయింది.

కర్మ అయిన మర్నాడు అమ్మ పలక తెచ్చి నా ముందు పెట్టింది. "ఇప్పుడు ఇద్దరమే. ఎంతొస్తాదో సూడు."

తలా యాభై లక్షలు. శేషం సున్న.

"ఒకటి గూడా మిగల్లేదా?"

"లేదుమా. సరింగా తెగింది."

నమ్మదేమోనని రెండోసారి కూడా చేసి చూపించాను... అమ్మ పుస్తకాలన్నీ ఈ ట్రంకుపెట్టెలోనే పెట్టి మూత వేసింది. మళ్ళీ కలం పట్టలేదు. నేను హాస్టల్‌కు వచ్చేటప్పుడు పుస్తకాలు తీసేసి పెట్టె నాకిచ్చింది... గుడ్డ కింద ఇదొక్కటి ఉండిపోయినట్టుంది.

ఈ రోజు దొరికింది అవ్వ చివరి పుస్తకం. చివరి పేజీలో అక్షరాలు వంకర్లు పోయి, ముప్పైఏడు దగ్గర ఆగిపోయాయి. నిండిన పేజీలన్నీ రెండేసి వందలు. అంటే అవ్వ రాసిన మొత్తం బేసి. కోటి సరిసంఖ్య. సరిలోంచి బేసి తీసేస్తే మిగిలేది బేసి... దాన్ని ఇద్దరం పంచుకుంటే ఒకటి మిగిలి తీరుతుంది!

ఆ రోజు నేను అవ్వ రాసినవి తీసేయకుండా, అవ్వ ఏమీ రాయనట్టే పంచేశాను.

నాయన రాడు. నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. కానీ ఆయన వంతు ఒకటి ఇంకా అలాగే ఉంది...

పొద్దున్నే ముగ్గురు పక్కపక్కన కూర్చుని రాసుకునే ఇల్లు ఇప్పుడు లేదు. మీ ఇళ్ళలోనూ ఎవరికోసమో ముట్టుకోకుండా ఉంచినది ఏదైనా ఉంటే, ఈ పక్క పేజీ ఖాళీగా వదిలాను, రాయండి.

రేపు పొద్దున మొదటి బస్సుకు పూతలపట్టు వెళ్తాను. అమ్మ ముందు పలక పెట్టి చెబుతాను... ఆ రోజు లెక్క తప్పు చేశానమ్మా, అని.