తాటాకు చదివిన పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో, తెలియని సంగతి తెలియదని ఒప్పుకోవడం కన్నా కష్టమైన పని నాకు ఇంకొకటి ఉండేది కాదు. మార్గళి మాసం, ఆదివారం. హాజరైనవారు: అవినాశి దగ్గరి పల్లె నుంచి వచ్చి సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్నంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను, మ్యూజియాలు చూసే వంకతో నన్ను చూడటానికి చిన్నమనూరు నుంచి వచ్చిన కాబోయే మామ, అత్త, వాళ్ళ అమ్మాయి. మామకు ఒకటే పట్టుదల, మన తెలుగు అక్షరం చదవగలిగినవాడికే పిల్లనివ్వాలని. (ఆయనకూ రాదు. తమిళనాట పుట్టిన మా వాళ్ళకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం.) ఆ షరతు మీద అప్పటికే రెండు సంబంధాలు వెనక్కి పంపారు. నాకు వచ్చని మా చిన్నాన్న చెప్పేశాడు. అమ్మాయి ఫొటో చూశాక నేను కాదనలేకపోయాను.

ఉదయం మొదటి మ్యూజియంలో శంఖాలు, తిమింగలం ఎముకలు చూసినంతసేపూ నేను మహా పండితుణ్ణే. మధ్యాహ్నం ఊరి బయట పాత బంగళాలోని మ్యూజియానికి వెళ్ళాం. అక్కడ అద్దాల పెట్టెలో ఒక తాటాకు. కింది చీటీ మీద తమిళంలో, తెలుగు తాళపత్రం అని మాత్రమే ఉంది.

“ఏమి రాసిండాది మాప్పిళ్ళై? రవ్వంత సదవండి,” అన్నాడు మామ, అప్పుడే నన్ను అల్లుణ్ణి చేసేసి.

గొంతు సవరించుకొని మొదలుపెట్టాను. రాజుగారు మామ పూర్వీకుల శౌర్యానికి మెచ్చి ఏడు ఊళ్ళు, ఏడు బావులు, ద్రాక్షతోటలు దానమిచ్చారు (మామకు ద్రాక్షతోట ఉందని గుర్తొచ్చి అదీ కలిపాను). వేలు ఎడమ నుంచి కుడికి జరపడం మాత్రం మరచిపోలేదు. మామ చెప్పులు విడిచి, తుండు నడుముకు చుట్టి, ఆ పెట్టెకు సాష్టాంగపడ్డాడు. స్పృహ తప్పాడనుకొని కాపలా మనిషి నీళ్ళు తెచ్చాడు. అత్త కళ్ళొత్తుకుంది. అమ్మాయి పెట్టె మీదకు వంగి చాలాసేపు నిలబడింది. గడప దాటకముందే మామ ముహూర్తం మాట ఎత్తి, ఆ ఆకులోని మాటలు పెళ్ళి పందిట్లో అందరి ముందూ చదవాలన్నాడు.

మరునాడు పొద్దున్న, వాళ్ళు ఊరికి బయలుదేరే ముందు సముద్రానికి వెళ్ళాం. పెద్దవాళ్ళు కాళ్ళు తడుపుకుంటుంటే అమ్మాయి నా పక్కకు వచ్చింది.

“అది ఎద్దు దగ్గుకు మందు బావా. మిరియాలు దంచి పొయ్యమని ఉండాది. మా అవ్వ నాకు అచ్చరాలు నేర్పింది.”

మామ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాను. “అప్పకు సెప్పేస్తావా?”

“అప్ప నిన్నటినుంచి నవ్వుతానే ఉండాడు. ఎందుకు సెప్పేది?” అంటూ కాలి బొటనవేలితో తడి ఇసుకలో ‘అ’ రాసింది. “పెళ్ళిలోగా యాబై ఆరు అచ్చరాలూ రావల. దిద్దు.”

వంగి దిద్దాను. అల వచ్చి తుడిచేసింది. మళ్ళీ దిద్దమంది. దూరం నుంచి చూస్తున్న అత్త ‘మాప్పిళ్ళై గవ్వలేరుతున్నాడు’ అని మురిసిపోయింది. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి, అంత సిగ్గుతో, అంత సంతోషంగా నేను మళ్ళీ ఏదీ నేర్చుకోలేదు.