టైటు మాస్టారి వదులు చొక్కా

మా ఆయన్ని వీధిలో అందరూ టైటు మాస్టారు అనేవాళ్ళు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వినబడేది కాదు. సందు మలుపులో ఒక మిషను, ఒక కటింగు బల్ల పట్టేంత కొట్టు ఆయనది. కొలతలూ కత్తిరింపూ కుట్టూ ఆయన చూసుకునేవారు. కాజాలు, బొత్తాలు, చేతికుట్లు ఇంట్లో నా పని. చొక్కా మనిషిని పట్టుకుని ఉండాలి గానీ మనిషి చొక్కాలో తప్పిపోకూడదని ఆయన వాదం. భుజం కుట్టు భుజం ఎముక చివరే కూర్చోవాలి. వెంట్రుకవాసి జారినా విప్పేసేవారు. అంత బిగుతుగా కుట్టే మనిషి, పక్క కుట్ల లోపల మాత్రం రెండు వేళ్ళ గుడ్డ వదిలేవారు. కత్తిరించడానికి క్షణం పట్టదు, రేపు ఒళ్ళొస్తే ఆ గుడ్డ ఎక్కణ్ణుంచి తెస్తాం అనేవారు.

ఇంతలో వదులు బట్టల కాలం వచ్చింది. భుజాలు మోచేతుల దాకా జారే చొక్కాలు, ఒక్కో కాలులో ఇద్దరు దూరే ప్యాంట్లు. అలాంటివి కుట్టమని కుర్రాళ్ళు వస్తే, గోనెసంచులు పక్క వీధిలో అమ్ముతారు బాబూ అని పంపేసేవారు. బేరాలు పలచబడ్డాయి. నేను గొణిగితే, ఫ్యాషన్ చుట్టం లాంటిదే, నాలుగు రోజులుండి పోతుందిలే అనేవారు.

ఆ చుట్టం కదలకముందే ఆయన ఒళ్ళు తగ్గడం మొదలైంది.

మొదట నా మీద పడ్డారు, ఉతికి ఉతికి చొక్కాలు సాగదీశానని. ఒకరోజు స్నానం చేసొచ్చి తన ఛాతీకి తనే టేపు చుట్టుకున్నారు. అంకె చూసి, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. ఎంతొచ్చిందో నాకు చెప్పలేదు. ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది మాత్రం ఇద్దరం విన్నాం. ఇక కోలుకునే జబ్బు కాదన్నాడు. తిరిగొచ్చే దారిలో ఆయన నోట ఒకటే మాట.

"ఇది మన గడప దాటకూడదు. రోగిష్టివాణ్ణి చూడ్డానికి వస్తారు గానీ, వాడి చేతికి ఎవరూ గుడ్డ ఇవ్వరు."

చొక్కాలు బిగించి ఇస్తానన్నాను. బిగిస్తే లోపల ఏం మిగిలిందో అందరికీ తెలుస్తుందన్నారు. మర్నాడు ఆ వదులు చొక్కాతోనే కొట్టుకు వెళ్ళారు. టీ కొట్టాయన ఊరుకుంటాడా?

"ఏం మాస్టారూ, చివరికి మీరూ గోనెసంచిలో దూరారా?"

"దూరాకే తెలిసిందయ్యా. గాలి బాగా ఆడుతోంది."

అందరూ నవ్వారట. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ ఆయనా నవ్వారు. నేను కాజా కుడుతూ తల ఎత్తలేదు.

టైటు మాస్టారే వదులు తొడిగాడని తెలిసి కుర్రాళ్ళు రాసాగారు. మీ ఒంటి మీద ఎలా జారుతోందో అచ్చం అలాగే కావాలనేవాళ్ళు. ఆయన కాదనకుండా కుట్టారు. వదులుకీ ఓ లెక్క ఉందే, కాలరు కుదిరితే తక్కినదంతా జారినా అందమే అన్నారు ఒకసారి నాతో. కొట్టు మళ్ళీ కళకళలాడింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, మీ ఆయనకి వయసు వెనక్కెళుతోందే, కాస్త కనిపెట్టి ఉండు అని నన్ను ఆటపట్టించేవాళ్ళు. అవునండీ అని బకెట్టు ఎత్తుకుని వచ్చేసేదాన్ని. బయట ఏడవకూడదు, ఆయన ముందు అసలు ఏడవకూడదు. ఇంట్లో ఉన్న పాత మిషను తొక్కుతూ ఏడిస్తే చప్పుడు వినబడదు.

ఒకసారి వాళ్ళక్క వచ్చింది. మా వదిన నోటికి తాళం ఉండదు. వెళ్ళబోతూ అలవాటుగా తమ్ముడి భుజం మీద చెయ్యేసింది. ఆ చెయ్యి గుడ్డతో పాటు కిందికి దిగి ఎముక మీద ఆగింది. నా వైపు చూసింది. నేను నేల చూశాను. తమ్ముడి కాలరు సర్ది, చొక్కా బాగుందిరా అని మాత్రం అంది. గుమ్మం బయట నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఎవరికీ చెప్పనులే అని వెళ్ళిపోయింది.

ఆయన మంచాన పడింది చివరి వారమే. పోయిన రోజు ఇల్లంతా జనం. మొన్నటిదాకా బాగానే ఉన్నాడుగా అని అందరూ అంటుంటే, ఆయన కోరింది నెరవేరిందనుకున్నాను. వదిన నీలం చొక్కా తీసింది. బాగున్న రోజుల్లో తన కోసం తనే కుట్టుకున్న చొక్కా. ఒంటి మీద పరిచి చూస్తే అటూ ఇటూ మంచం మీదికి జారింది. ఆయన అందులో తప్పిపోయినట్టున్నారు.

కాసేపు ఆగమన్నాను. ఆయన జేబులోంచి టేపు తీశాను. అంతవరకూ నేను ఎవరి కొలతా తీసుకుని ఎరగను. ఇప్పుడెందుకమ్మా ఇదంతా అని వెనక ఎవరో అన్నారు.

"దాన్ని కుట్టుకోనివ్వండి," అంది వదిన.

చొక్కా చేతులు విప్పి, భుజాలు తగ్గించి, మళ్ళీ అతికాను. కుట్టు ఎముక చివరే కూర్చుంది. పక్కలు బిగిస్తే దోసెడు గుడ్డ మిగిలింది. వదిన కత్తెర అందించింది.

"వద్దు వదినా," అన్నాను. "ఆయన కత్తిరించనిచ్చేవారు కాదు."

ఆ గుడ్డంతా లోపలికే మడిచి కుట్టాను. ఇద్దరం కలిసి తొడిగాం. బొత్తాలు నేనే పెట్టాను. ఎక్కడా ముడత లేదు. సరిగ్గా వచ్చిందా అని ఆయన్ని అడగబోయి ఆగాను.