ఎక్కమంటే ఎక్కని మనిషి

అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు గానీ, మా దిక్కు అడగకపోయినా బండి మాత్రం ఆపుతారు. ఆపి ఊరుకోరు, ఎక్కమంటారు. ఎక్కనంటే ఎందుకు ఎక్కవో చెప్పమంటారు. నడవాలని ఉందంటే నమ్మరు. యాభై దాటిన ఆడమనిషి, భుజాన సంచి వేసుకుని, పక్కన ఎవరూ లేకుండా అడవి దారిన ఎందుకు నడుస్తుంది? బస్సన్నా తప్పిపోయి ఉండాలి, మొగుడితో లొల్లి అన్నా అయి ఉండాలి. మూడో కారణం వాళ్ళకు తోచదు.

నాకున్నది ఆ మూడో కారణమే. మాది జనగామ. వాన కోసం మొగులు దిక్కు చూసే ఊరు. నదిని మేం పాఠంలో చదువుకున్నాం తప్ప రోజూ చూసి ఎరగం. ఇంట్లో కిరాణా కొట్టు, బయట నా సర్కారు కొలువు. ఇరవై ఏడేళ్ళ సంసారంలో ఎటు అడుగు వేసినా ఏదో ఒక పని మీదే వేశాను. భూపాలపల్లికి బదిలీ అయి, గది తీసుకుని ఒక్కదాన్నే ఉండాల్సి వచ్చినప్పుడు చుట్టాలంతా అయ్యో అన్నారు. నేనూ పైకి అయ్యో అన్నాను.

నెలకు రెండు ఆదివారాలు జనగామవి, మిగిలినవి నావి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు బస్సులో జీరో టికెట్టు. కాటారం దిక్కు పోయే బస్సెక్కి, చెట్లు చిక్కగా కనిపించిన స్టేజీలో దిగి, కాలిబాట పట్టి నడిచి, మళ్ళీ రోడ్డు మీదికి వచ్చి దొరికిన బస్సు పట్టుకునేదాన్ని. ఇంతకు మించి నేనేమీ కోరలేదు. కానీ ఏ ఒక్క నడకనూ చివరిదాకా నడవనిస్తేగా! ఒకసారి ట్రాక్టరు, ఒకసారి ఆటో, ఒకసారి పెళ్ళికి పోతున్న జీపు. పెద్దవంగర దగ్గర మా చిన్నమ్మ ఊళ్ళో, పొద్దున్నే వాగు దాకా నడిచి వస్తానంటే, ఆమె కొడుకు బండి స్టార్టు చేసి పెట్టాడు. వాగు చూపించి పది నిమిషాల్లో ఇంటి ముందు దింపాడు. నా నడక అయిపోయిందట.

ఎండాకాలం దాటితే మళ్ళీ జనగామకే వేస్తున్నారని తెలిసింది. అప్పుడు గట్టిగా అనుకున్నాను. పోయేలోగా ఒక్కసారి, అడవిలో నుంచి గోదావరి దాకా, ఒక్కదాన్నే, నా కాళ్ళ మీద నడిచిపోవాలి. బండి ఎక్కకూడదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకూడదు.

కాళేశ్వరం బస్సెక్కి నడుమ ఒక స్టేజీలో దిగాను. మోదుగులు పూసి ఉన్నాయి. టేకు ఆకులు ఎండి కాళ్ళ కింద గలగలమంటున్నాయి. పావుగంట నడిచానో లేదో, వెనక బండి చప్పుడు.

"అక్కా, ఎక్కు. దింపుత."

"వద్దు తమ్మీ, నడుస్త."

"పైసల్ తీస్కోనక్కా."

"పైసల కోసం కాదు తమ్మీ. నడవబుద్ధయింది."

అతను నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరా?" అన్నాడు.

ఉన్నారన్నాను. తల ఊపి పోయాడు. హమ్మయ్య, పీడ విరగడైంది అనుకున్నాను. పోయినవాడు పోయినట్టు ఉంటాడా? ముందున్న ఊళ్ళో ఆగి, ఒక మేడం ఒక్కతే గోదారి దిక్కు పోతాంది, ఎక్కమంటే ఎక్కలే అని చెప్పే పోయాడు. ఊరు దాటగానే ఒక ముసలామె, పది పన్నెండు మేకలతో, బాటకు అడ్డంగా నిలబడి ఉంది.

"ఎవలింటికి బిడ్డా?"

"ఎవలింటికి కాదవ్వా. గోదారి చూసొస్త."

"నేను సుత వస్త. పా."

"నీ మేకలో?"

"అయ్యి యాడికి పోతయ్ తీ."

నా సంచి పట్టీ పట్టుకుంది. దూడ పలుపు పట్టుకున్నట్టు పట్టుకుని, ఇక వదల్లేదు. మేకలు మా వెనకే వచ్చాయి. ఆమె నడక గజానికో నిమిషం. మీ ఆయన తాగుతడా? కొడతడా? అత్త ఉన్నదా? పిల్లలు ఎంతమంది? ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాను, ఒక్కటీ నమ్మలేదు. దారిలో ఇప్పచెట్టు కింద కూర్చోబెట్టి తన సద్ది విప్పి తినమంది. ఆకలి లేదన్నాను. "కోపమున్నప్పుడు ఆకలి కాదు బిడ్డా. నాలుగు మెతుకులు తింటే కోపం దిగుతది" అంది. అప్పటిదాకా లేని కోపం అప్పుడు నషాళానికి ఎక్కింది. తిన్నాను. తినకపోతే కదలనిచ్చేలా లేదు.

చెట్లు అయిపోయి ఇసుక వచ్చింది. ఇసుక అవతల గోదావరి. ఎండలో ఏ తొందరా లేకుండా పారుతోంది. ఒక్క క్షణం అవ్వను మరిచిపోయాను. చెప్పులు ఒడ్డున విడిచి, నీళ్ళలోకి దిగాను. చీలమండల దాకా తడిశానో లేదో, వెనక కేక.

"ఎనుకకు రా! చెప్పులిడిసి ఏడికి పోతున్నవ్?"

తిరిగి చూస్తే, నా చెప్పులు రెండూ ఆమె చంకలో ఉన్నాయి. నాకిక ఓపిక చచ్చిపోయింది.

"అవ్వా! నేను చావనీకి రాలే! నా మొగడు మంచోడే, పిల్లలు మంచోళ్ళే, నెలనెలా జీతమొస్తది! ఒక్కదాన్ని నడుద్దామని వచ్చిన, గంతే! గదిసుత కానియ్యరా మీరు?"

అన్నాను కాదు, అరిచాను. మేకలు కూడా ఆగి చూశాయి. అవ్వ మాత్రం బెదరలేదు.

"మా చెల్లె సుత గట్లనే చెప్పింది" అంది. "నవ్వుకుంట చెప్పింది. ఆటో ఆపి ఎక్కమన్న. ఎక్కలే. నడుస్తనక్కా, నడిస్తే పాణం మంచిగుంటది అన్నది. మేకలు చేన్ల పడ్డయని నేను ఎనుకకు మర్లిన. పొద్దుమీకినంక వచ్చి చూస్తే, గిదే ఇసుకల చెప్పులున్నయ్. పక్కపక్కకు, మంచిగ సదిరి పెట్టి."

నేను నీళ్ళలో నుంచి బయటికి వచ్చేశాను. ఆమె వంగి, నా చెప్పులకు అంటిన ఇసుకను చీర కొంగుతో తుడిచి, నా కాళ్ళ ముందు పెట్టింది. మా అమ్మ కంటే పెద్దామె. వద్దు అవ్వా, వద్దు అంటూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రోడ్డు దాకా వచ్చి బస్సాపింది. కండక్టరుతో, "ఈమెను భూపాలపల్లిల దింపు బిడ్డా. నడుమ దిగుతనంటే దిగనియ్యకు" అని గట్టిగా చెప్పింది. బస్సులో ఉన్న నలభై మందీ నా దిక్కు తిరిగారు. కాటారంలో బస్సు పది నిమిషాలు ఆగింది. చాయ తాగుదామని లేచాను. "కూసోండ్రి మేడం" అన్నాడు కండక్టరు. కూర్చున్నాను. మొత్తానికి ఒక్కదాన్నే నడవాలన్న నా కోరికను ఊరంతా కలిసి తీర్చింది.

ఎండాకాలం దాటగానే బదిలీ అయింది. ఇప్పుడు జనగామ నుంచే, వీలైన ఆదివారం, మానుకోట దిక్కు పోయే బస్సెక్కి ఏదో ఒక వాగు వెతుక్కుంటాను. బండ్లు ఇంకా ఆగుతూనే ఉన్నాయి, నేను ఇంకా విసుక్కుంటూనే ఉన్నాను. మొన్న ఒక వాగులో మోకాళ్ళ లోతున నిలబడి ఉంటే, ఒడ్డున బట్టలు ఉతుకుతున్న ఆమె నన్ను చూసి నవ్వింది.

"చేతుల పట్టుకునుడెందుకక్కా? చెప్పులు ఒడ్డుకు పెట్టరాదు. నీళ్ళల్ల కొట్టుకపోతయ్."

"కొట్టుకపోతే కొట్టుకపోనియ్యి," అన్నాను, "ఒడ్డుకు మాత్రం పెట్ట."