బళ్లో వచ్చే మాటలు

లెక్కల టీచరమ్మ గొంతు అరిగిపోయింది. ముగ్గురు చెప్పాల్సిన క్లాసులు ఏళ్ల తరబడి ఆమె ఒక్కతే చెప్పింది. మాటలు తగ్గించకపోతే ఉన్న గొంతూ పోతుందని డాక్టరు అన్నాక, బడిలో కుదరదు గనక ఇంట్లో తగ్గించింది. అన్నానికి పిలవాలంటే బల్ల మీద తడుతుంది. సాధింపులు తప్పాయని భర్త మొదట్లో నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు.

టీచర్ల బతుకుల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒకరోజు స్టాఫ్ రూముకు వచ్చి, "ఈ ఉద్యోగంలో మీకు అన్నిటికన్నా కష్టం ఏంటి మేడం?" అని అడిగింది.

టీచరమ్మ గోరువెచ్చని నీళ్లు గుక్కెడు తాగి, బొంగురుగా చెప్పింది. "నిన్న మా పాప ఫ్రెండు ఇంటికొచ్చి, 'మీ అమ్మకి మాటలు రావా?' అంది. 'ఎందుకు రావు? బళ్లో వస్తాయి' అని చెప్పింది మా పిల్ల."

"మీరేమన్నారు?"

"ఏమంటానమ్మా? తెల్లారితే ఐదు క్లాసులు. నోరు మెదపలేదు."