మామ కారులో పెట్రోలు ముల్లు

మా మేనమామకు కల్లూరులో పొలం ఉంది, ఇల్లు ఉంది, అన్నిటినీ మించి ఒక పాత కారు ఉంది. నేను పుట్టకముందు ఎప్పుడో కొన్న తెల్ల కారు. రెండువేల సంవత్సరం దాటాక ఊళ్లో కుర్రాళ్లు కొత్త బళ్లు తెచ్చుకుంటుంటే, ఈయన దాని బానెట్టు తుడుస్తూ "గిసొంటి ఇనుము ఇప్పుడు దొరుకుతదా?" అని దారినపోయే ప్రతివాణ్ణీ ఆపి అడిగేవాడు. దొరకదు. దొరక్కపోవడమే లోకానికి మంచిది.

ఒకసారి ఆ కారులో పెట్రోలు చూపే ముల్లు కదలడం మానేసింది. ట్యాంకు లోపల పెట్రోలు మీద తేలుతూ, ఎంత ఉందో ముల్లుకు తెలియజేసే ఫ్లోటు ఒకటి ఉంటుంది. అది తుప్పుపట్టి పాడైంది. ఆ కారుకు తగిన ఫ్లోటు కావాలంటే విజయవాడ దాకా వెళ్లాలి. మామకు అంత ఓపిక ఎక్కడిది? ట్రాక్టర్లు బాగుచేసే స్నేహితుడి దగ్గర ఏదో వేరే బండి ఫ్లోటు బిగించుకొచ్చాడు. అది తలకిందులుగా పనిచేసింది. ట్యాంకు నిండితే ముల్లు ఖాళీ అని చూపేది, ఖాళీ అయితే నిండుగా ఉందనేది.

బుద్ధున్నవాడెవడైనా దాన్ని వెంటనే విప్పిస్తాడు. మామ మాత్రం "ఉల్టా చూస్కుంటే అయిపాయె, దొంగలకు సుత తెలవదు" అని మురిసిపోయాడు. తర్వాత అదేదో తానే కనిపెట్టినట్టు వచ్చిన చుట్టాలందరికీ చూపించాడు. ఒకరోజు సొంత అల్లుడు ముల్లును ఉన్నదున్నట్టు చదివితే, నలుగురిలో చదువురానివాడని ఆటపట్టించాడు.

చివరికి మా అత్తకు విసుగొచ్చింది. మామ రైల్లో తిరుపతి వెళ్లినప్పుడు అల్లుడి చేత విజయవాడ నుంచి సరైన ఫ్లోటు తెప్పించి బిగింపించింది. మామ తిరిగొచ్చి అన్నం తింటుంటే నా ఎదుటే చెప్పింది.

"ముల్లు సక్కగ చేపిచ్చిన. ఇగ ఉల్టా చూడకు."

"ఆఁ ఆఁ, పప్పెయ్యి" అన్నాడు మామ. ఆ ఇంట్లో కారు గురించి ఆడవాళ్లు ఏం చెప్పినా ఆయన చెవికెక్కేది కాదు.

ఆ వారంలోనే నాకు టీచరు ఉద్యోగం ఆర్డరొచ్చింది. టేకులపల్లి అవతల అడవిలో బడి. పోస్టు ఆలస్యంగా రావడంతో, చేరడానికి మిగిలింది మర్నాడొక్కటే. ఆ రోజు సాయంత్రంలోగా బడిలో సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోయినట్టే. పొద్దున్నే బస్సెక్కుతానన్నాను. కానీ కొత్త కొలువుకు మేనమామే దగ్గరుండి దిగబెట్టాలని మా వాళ్లలో ఒక పట్టింపు.

"నా మేనకోడలు బస్సుల పోతదా? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు.

నలుగురూ ఏమీ అనుకోరు. వాళ్లు మిరప కోతల్లో ఉన్నారు.

కారు కడగడం, బొట్లు పెట్టడం, నిమ్మకాయలు కట్టడం అయ్యేసరికి మధ్యాహ్నం అయింది. జూలూరుపాడు దాటాక చూశాను, ముల్లు ఖాళీని ఆనుకుని ఉంది.

"మామయ్యా, పెట్రోలు అయిపోవచ్చింది. కొత్తగూడెంల పోయిద్దాం."

"నిండుగుంది. ఉల్టా చూడాలె, మర్చిపోయినవా?"

"అత్త బాగుచేపిచ్చింది గదా. మొన్ననే చెప్పింది."

"నువ్వు పుట్టకముందు సంది నడుపుతున్న. నా బండి సంగతి మీ అత్త చెప్పాల్నా, నువ్వు చెప్పాల్నా?"

కొత్తగూడెంలో పెట్రోలు బంకు ముందు నుంచే వెళ్లాం. ఆపలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

టేకులపల్లి దాటి అడవిలో కొంత దూరం వెళ్లాక కారు రెండు మూడు కుదుపులు కుదిపి ఆగిపోయింది. మామ దిగి బానెట్టు ఎత్తాడు. ప్లగ్గులన్నాడు, వైర్లన్నాడు, ఎండన్నాడు. నేను పెట్రోలు అన్నాను. వినలేదు. ఇంతలో మోపెడ్డు మీద వెళ్తున్న కోయ దంపతులు మమ్మల్ని చూసి ఆగారు. వాళ్ల సంచిలో పెట్రోలు సీసా ఉంది.

"పెట్రోలు అయిపోయిందా? మా సీసాల ఉన్నది, పోస్కోర్రి" అన్నాడాయన.

"ట్యాంకు నిండ ఉంటే నీ సీస నాకెందుకయ్యా?" అని మామ కసిరాడు.

అడక్కుండా ఆగి సాయం చేస్తామన్నవాళ్లను కసిరినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు ఆపుకుంటూ నా సంగతి చెప్పాను. ఆమె ముందుకు జరిగి తన వెనక చోటు చూపించింది. ఎక్కి కూర్చున్నాను.

"కొత్త కొలువుకు గట్ల పోతవా? నా ఇజ్జత్ తీస్తవా?" అని మామ వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. నేను తిరిగి చూడలేదు.

హెడ్మాస్టరు ఇంటికి బయల్దేరుతుండగా బడికి చేరాను. ఆయన మళ్లీ తాళం తీసి సంతకం పెట్టించుకున్నాడు. నన్ను దింపిన ఇద్దరికీ రెండు చేతులూ జోడించాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

మర్నాడు సామాను కోసం బస్సులో కల్లూరు వచ్చాను. మామ అప్పటికే కారుతో ఇల్లు చేరాడు. పెట్రోలు ఎక్కడ పోయించుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. ట్రాక్టర్ల స్నేహితుణ్ణి పిలిపించి, అత్త వేయించిన ఫ్లోటు పీకించి, ఆ తలకిందుల ఫ్లోటునే మళ్లీ పెట్టించుకుంటున్నాడు. నన్ను చూడగానే "ఇప్పుడు కరెక్టు చూపిస్తది" అన్నాడు.

ఉద్యోగంలో చేరావా అని అప్పుడూ అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.