ఓవెన్‌లోకి చేరిన నైలాన్ గింజలు

నైలాన్ గింజల్ని మిరపకాయల్లా ఎండలో ఆరబోసిన ఎమ్మెస్సీని నేను. దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నా చదువు మీద మాత్రం అవసరానికి మించి ఉండేది.

ఎనభైల్లో నరసరావుపేటలో మాదొక చిన్న షెడ్డు. పత్తి జిన్నింగు మిల్లుకు నైలాన్ గింజలు కరిగించి పళ్ళచక్రాలు అచ్చు పోసేవాళ్ళం. దెబ్బకు చిట్లకుండా ఉండాలంటే రబ్బరు కలపాలి. మామూలు రబ్బరు కలవదు, ముద్దలుగా విడిగా ఉండిపోతుంది. అందుకని ఆమ్లం అంటించిన రబ్బరు తెప్పించాను. కరిగేటప్పుడు అది నైలాన్ అణువుల కొసల్ని పట్టుకుని, సన్నటి చుక్కలుగా చెదిరి అంతటా సర్దుకుంటుంది. గింజల్లో తేమ ఉంటే మాత్రం ఆ పట్టు చెడుతుంది.

మిషన్ నడిపే మస్తాన్ భాయ్ మొదట్లోనే చెప్పాడు. "ఎండకు పైతడి పోద్ది సారూ, లోతడి పోదు. ఇయ్యేమన్నా మిరగాయలా? ఓవెన్లో పెట్టి గంటకోసారి చేత్తో కలబెట్టాల."

కరెంటు ఉంటేగా ఓవెన్ అని నేను వినలేదు. ఆయన కుడిచేతికి చూపుడువేలు లేదు. ఆ వేసవిలోనే గుండె ఆగి పోయాడు.

తర్వాత పోసిన చక్రాలన్నీ చిట్లాయి. కలవని రబ్బరు నన్ను కలవరపెట్టింది. ఈసారీ విరిగితే మళ్ళీ రావద్దన్నారు మిల్లువాళ్ళు. వాళ్ళు తప్ప మాకు వేరే గిరాకీ లేదు. వాళ్ళు పోతే షెడ్డు మూతే.

ఆ రోజు పొద్దుటినుంచి కరెంటు లేదు. పక్క డాబా మీద పట్టా పరిచి గింజలు పోసి, షెడ్డుకు తాళం వేసి భోజనానికి వెళ్ళాను. తాళంచెవి ఒక్కటే, నా జేబులో ఉంది. తిరిగొచ్చేసరికి పట్టా మీద ఒక్క గింజ లేదు. దొంగలనుకుని తాళం తీశాను.

మూసి ఉన్న ఓవెన్ లోపల చప్పుడు. గింజల్లో ఎవరిదో చెయ్యి మెల్లగా తిరుగుతున్నట్టు. ఆగింది. మళ్ళీ మొదలైంది.

మెయిన్ స్విచ్ దించే ఉంది. చప్పుడు పూర్తిగా ఆగాక తలుపు తెరిచాను. వేడి మొహానికి కొట్టింది. ట్రే నిండా గింజలు. వాటిలో అప్పుడే గీసినట్టు వేళ్ళ చాళ్ళు.

మూడే.

ట్రే అలాగే వదిలి పరుగున బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను.

సాయంత్రం కరెంటు రాగానే ఆ గింజలతోనే పోశాను. సుత్తితో ఎంత కొట్టినా ఒక్క చక్రమూ చిట్లలేదు. రబ్బరూ అదే, మిషనూ అదే. ఆ వేడి ఎక్కడినుంచి వచ్చిందో నేటికీ నాకు తెలియదు.

బతికున్నన్నాళ్ళూ ఒక్కరోజు నాగా పెట్టలేదని మస్తాన్ భాయ్ గొప్పలు పోయేవాడు. ఆ సాయంత్రం హాజరు పుస్తకం తీసి, వచ్చి పని చేసి వెళ్ళినా నన్నంత భయపెట్టినందుకు, ఇంకా కొట్టెయ్యని ఆయన పేరు పక్కన "గైర్హాజరు" అని రాశాను.